మేస్త్రీ ఇంటివాళ్లు

తిమ్మక్క గడ్డపార దిగిన చోట రాయి తగల్లేదు. రాయి తగిలితే చేతుల్లోకి జివ్వుమని పాకుతుంది. ఇది మెత్తగా దిగి, లోపల ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు చేసింది. ఆమె గడ్డపార పక్కన పడేసి, వంగి, రెండు చేతులతో మన్ను తీసి చూసింది. చూసి, కొంగుతో చేతులు తుడుచుకుని, గట్టు మీద నిలబడి ఉన్న కృపాకుమారిని పిలిచింది.

"కృపా, రవ్వంత ఇట్ల రా. బాలింతల్ని మాత్రం రానీయాకు."

మన్నులో కొబ్బరికాయంత పుర్రె ఒకటి కనిపించింది. పసిబిడ్డది. దాని పక్కన దవడ ఊడిన ఇంకొక పెద్ద పుర్రె. వాటి కింద అడ్డదిడ్డంగా, కట్టెలమోపు విప్పి పడేసినట్టు ఎముకలు. రానీయవద్దన్న మాట ఎవరూ వినలేదు. క్షణంలో ముప్పైమంది కందకం చుట్టూ చేరారు.

కంబదూరు మండలంలో రాళ్లవంకపల్లి గుట్ట కింద అది ఉపాధి పని. గుట్ట మీద పడే నాలుగు చినుకులు కిందికి పారిపోకుండా అడ్డంగా కందకాలు తవ్వుతున్నారు. సర్కారు కాగితాల్లో ఆ పథకానికి పొడుగాటి పేరుంది గానీ, ఊళ్లో దాన్ని అందరూ కరువు పని అనే అంటారు. కృపాకుమారి ఆ గుంపుకు మేటు. పొద్దున, మళ్లీ పని ముగిసేముందు, కూలీలను నిలబెట్టి ఫోన్‌లో ఫొటో తీసి పంపడం, ఎవరు ఎంత తవ్వారో టేపు పెట్టి కొలవడం ఆమె పని. ముప్పై నాలుగేళ్ల మనిషి. పదో తరగతి పాసైంది. మేనత్త కొడుకునే చేసుకోవడం వల్ల పుట్టిన ఊరు వదిలి పోలేదు. భర్త బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయి నెలకొకసారి వస్తాడు.

ఫీల్డ్ అసిస్టెంట్ శశికుమార్ మోటార్ సైకిల్ మీద వచ్చాడు. అతనిదీ అదే ఊరు. కందకంలోకి తొంగి చూసి, ముఖం తిప్పుకుని, కృపను పక్కకు పిలిచాడు.

"మూసేపియ్ అక్కా. పదడుగులు అవతల ముగ్గు పోస్తా, ఆడ తవ్వండి. పోలీసులకు చెప్పినామంటే పని నిలిపేస్తారు. ఈ ఎండాకాలంలో పని లేకుంటే వీళ్లేం తింటారు, నువ్వే చెప్పు."

అతను అబద్ధం చెప్పడం లేదని ఆమెకు తెలుసు. కానీ తిమ్మక్క వినేసింది.

"పసిబిడ్డ తలకాయప్పా అది! కుక్కను పూడ్చినట్టు పూడ్చమంటాండావా?"

"నేనేం చేసేదక్కా? నేను చంపినానా?"

"నువ్వు చంపినావని ఎవరన్నారు? ఎవరు చంపినారో చూడొద్దా అంటాండా."

అందరి చూపులూ కృప మీదికి మళ్లాయి. ఫోను ఆమె చేతిలోనే ఉంది. గుట్ట మీద సిగ్నలు ఉండదు. ఆమె కిందికి నడిచి, రోడ్డు దగ్గర నిలబడి, స్టేషన్‌కు ఫోన్ చేసింది.

ఎస్.ఐ. వచ్చాడు. తాసిల్దారు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. ఇంకొంచెం తవ్వించి చూస్తే పుర్రెలే పదకొండు తేలాయి. అందులో ఐదు చిన్నపిల్లలవి. రెండెముకలు గోనెసంచిలో వేసుకుని, మిగతావాటి మీద టార్పాలిన్ కప్పి, చుట్టూ తాడు కట్టించి, గుట్ట మీద ఎవరూ అడుగు పెట్టవద్దని చెప్పి వెళ్లారు.

శశికుమార్ చెప్పినట్టే అయింది. పని నిలిచిపోయింది. ఒక వారం గడిచింది. రెండో వారం మొదలైంది. నీళ్ల ట్యాంకు దగ్గర బిందె పెట్టుకుని నిలబడితే ఆడవాళ్లు కృపతో మాట్లాడటం మానేశారు. ఒకామె మాత్రం ముఖం మీదే అనేసింది.

"చచ్చినోళ్ల కోసం బతికినోళ్ల కడుపు కొట్టినావు కదమ్మే."

రెండు కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని బెంగళూరు బస్సెక్కాయి. భర్త ఫోన్ చేసి "నీకేంటికి ఈ గొడవ, శశి చెప్పినట్టు చేసుంటే పోయేది గదా" అన్నాడు. తప్పు చేశానా అని ఆమె కూడా అనుకుంది. ఆ చిన్న పుర్రె గుర్తొచ్చినప్పుడు మాత్రం అనుకోలేకపోయింది.

పన్నెండో రోజున స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఎముకలు నూరేళ్ల పైనాటివని అనంతపురంలో డాక్టర్లు తేల్చారు. కేసు లేదు. మీ ఊరివాళ్లే మర్యాదగా పూడ్చుకోండి, కొత్త పని గుట్టకు అవతలి వైపు ఇస్తారు అన్నారు.

ఆ మరునాడు కళ్యాణదుర్గం నుంచి స్కూటర్ మీద ఒక పెద్దాయన ఊళ్లోకి వచ్చాడు. పేరు మార్కండేయ. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. పేపర్లో ఒక మూల వేసిన వార్త చూసి వచ్చానన్నాడు. కృప ఆయన్ను గుట్ట మీదికి తీసుకుపోయింది. ఎముకల దగ్గర ఆయన చెప్పులు విడిచి నిలబడ్డాడు. తర్వాత వాటి కంటే ఎక్కువగా గుట్ట పక్కనున్న పాత కంకర కుప్పల్ని, అక్కడి నుంచి రోడ్డు దాకా పోయే బండిదారిని చూశాడు. ఎండ ముదిరాక ఇద్దరూ ఇంటికి వచ్చి వాకిట్లో వేపచెట్టు కింద కూర్చున్నారు. అరుగు మీద కృప అవ్వ బయమ్మ విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది. ఎనభై ఐదు దాటిన మనిషి. చెవులు మాత్రం పాము చెవులు.

"ఆ రాళ్లు రోడ్డు కోసం కొట్టినవమ్మా" అన్నాడు మార్కండేయ, మజ్జిగ తాగి. "నూటా యాభై ఏండ్ల కిందటి మాట. అప్పుడు అనంతపురం జిల్లానే లేదు, ఇదంతా బళ్లారి కింద ఉండేది. ఒక కరువు వచ్చింది..."

"ధాత కరువు" అంది బయమ్మ, తల ఎత్తకుండానే.

ఆయన ఆశ్చర్యంగా ఆమె వైపు చూసి, తలూపాడు.

"ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ఆ పేరు. వాన లేదు, సరే. వాన లేకపోవడం మనకు కొత్తనా? మదరాసు రేవులో అప్పుడు ధాన్యం బస్తాలు కొండల మాదిరి ఉన్నాయి. ఓడలెక్కి పోతాండాయి. ఆపండయ్యా అంటే, వ్యాపారానికి అడ్డం పోకూడదు, అది మా ధర్మం కాదన్నారు దొరలు. జనం చస్తాంటే ఊరికే ఉండలేరు గదా, ఈ క్యాంపులు పెట్టినారు. గుట్ట రాయి కొట్టు, కంకర మొయ్యి, సాయంత్రం కొలత చూస్తారు, కొలతకు తగినట్టు తిండి. మొగోనికి దినానికి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే అరకేజీ కూడా కాదమ్మా. అది చాలదని వాళ్ల డాక్టరే రాసినాడు. పైనుంచి వచ్చిన దొర వినలేదు."

"ఏంటికి సార్? అంత పగనా మన మీద?"

"పగ ఉండుంటే ఇంకోరకంగా ఉండేదేమో. పగ కాదు. ఎక్కువ పెడితే జనం సోమరులైతారంట. ఇంటి దగ్గరే పని ఇస్తే అవసరం లేనోళ్లు కూడా వస్తారంట. అందుకని ఒక రూలు పెట్టినారు. ఇంటికి పది మైళ్ల అవతల క్యాంపుకు నడిచి పోతేనే పని. నడవగలిగినోడే నిజంగా ఆకలైనోడని వాళ్ల లెక్క."

కృపకు ఒక మాట గుర్తొచ్చింది. పోయిన నెల కంబదూరులో ఎరువుల అంగడి దగ్గర నిలబడి ఉన్నప్పుడు షావుకారు మల్లికార్జునయ్య ఎవరితోనో అంటుంటే విన్నది: ఈ కరువు పని వచ్చినాక జనానికి ఒళ్లు బరువైపోయిందప్పా, ఊరికే ఇస్తే ఇంతే. మంచి మనిషే ఆయన. చదువుకునే పిల్లలకు పుస్తకాలు కొనిస్తాడు. ఆ మాట ఆయనకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పి ఉండరు. గాలిలో ఉంటుంది, ఊపిరితో పాటు లోపలికి పోతుంది. ఆమె కూడా, కందకం కుదురుగా తవ్వని వాళ్లను చూసి, మనసులో ఆ మాటే ఎన్నిసార్లు అనుకోలేదు?

"సార్, ఆ కొలతలు ఎవరు తీసేవాళ్లు? దొరలేనా?"

మార్కండేయ నవ్వాడు. సంతోషపు నవ్వు కాదది.

"ఇంత పెద్ద జిల్లాకు దొరలు ఎందరున్నారనుకుంటాండావు? వేళ్ల మీద చెప్పొచ్చు. ఎండలో గుట్ట మీద నిలబడి కొలత తీయడానికి వాళ్లెందుకు వస్తారు? గుంపుకొక మేస్త్రీని పెట్టినారు. ఆ గుంపులోనోడే. వానికి రవ్వంత ఎక్కువ ధాన్యం. పేర్లు పిలిచేది, కొలిచేది, తక్కువ చేసినోని కూడు తగ్గించేది అంతా అతనే. రాజ్యం లండన్‌లో ఉండేదమ్మా. చేతులు మాత్రం మనవే."

బయమ్మ చేతుల్లో శనక్కాయ పగిలిన చప్పుడు ఆగిపోయింది. మేస్త్రీ అన్న మాట ఆ ఇంట్లో మామూలు మాట కాదు. ఊళ్లో వాళ్లను మేస్త్రీ ఇంటివాళ్లనే పిలుస్తారు. కృప తాతకు ముత్తాత ఓబన్న పెద్ద కరువులో దొర దగ్గర మేస్త్రీగా చేసి, నూరుమందికి గంజి పోయించి బతికించాడని, ఆ తర్వాతే పాదిరి దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడని చిన్నప్పటి నుంచీ విన్న కథ. ఇప్పటికీ చర్చిలో ముందు వరుస ఆ ఇంటివాళ్లదే.

మార్కండేయకు ఆ సంగతి కృప చెప్పలేదు. ఆయన ఫోన్ నంబరిచ్చి, పూడ్చే రోజు చెప్పమని అడిగి వెళ్లిపోయాడు.

మరుసటి రోజు పొద్దున కృప పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కొడుతుంటే బయమ్మ వచ్చి గడప మీద కూర్చుంది.

"పాపా, ఈ ఇంట్లో రొట్టెలు లెక్క పెట్టరు ఏంటికో తెలుసునా నీకు?"

కృపకు తెలియదు. లెక్కపెడితే మాత్రం దెబ్బలు పడేవి. ఆరేళ్లప్పుడు పళ్లెంలో రొట్టెలు ఒకటి, రెండు, మూడు అని ఎంచినందుకు నాయన వీపు మీద చరిచాడు. ఎంచితే బరకత్ ఉండదు, కలిసిరాదన్నాడు. అంతవరకే.

"నేను కోడలిగా వచ్చినప్పుడు మా అత్తకు అత్త బతికుండేది. ఓబన్న మేస్త్రీ ఆయమ్మకు మామ. ఆయన్ని ముసలితనంలో చూసింది. నాకొక్కదానికే చెప్పింది. ఎవరికీ చెప్పొద్దనింది. నేను చెప్పలే."

"ఏం చెప్పింది?"

"ఆయన చెల్లెలు వచ్చిందంట క్యాంపుకు. ఎల్లమ్మ. ఇద్దరు బిడ్డలు. ఆయమ్మను ఇచ్చిన ఊరు ఈడికి మూడు కోసులే. మేస్త్రీలకు తప్ప దగ్గరూరోళ్లకు పని లేదని రూలు గదా. మొదట్లో ఆయన వేరే ఊరి పేరు చెప్పి చేర్చుకున్నాడంట. పదిదినాలు గంజి పోసినాడు. అంతలో దొర గుర్రమెక్కి తనిఖీకి వస్తాండాడని తెలిసింది. తెలిస్తే మేస్త్రీ పని పోతుంది. మేస్త్రీ పని పోతే తన బిడ్డలు పోతారు. పొద్దున పేర్లు పిలిచేటప్పుడు చెల్లెలి పేరు పిలవలే."

రొట్టె పెనం మీద మాడుతున్న వాసన వచ్చింది. కృప తిప్పలేదు.

"ఆయమ్మ గుంపులోనే నిలబడి ఉండాదంట. అన్నా, నన్ను పిలవలేదే అనింది. ఆయన ఎవరో తెలీనట్టు, పదిమైళ్ల లోపలోళ్లకు ఈడ పని లేదమ్మా, పో అన్నాడంట. ఏడవలేదంట ఆయమ్మ. బిడ్డల్ని ఎత్తుకుని గుట్ట పక్కకు పోయి కూర్చునింది. యాడికి పోతుంది? కండ్ల ముందరే ఉండాది, మూడు దినాలు."

"దొర వచ్చినాడా?"

బయమ్మ తల అడ్డంగా ఊపింది.

"రానే లేదంట. ఆ దావన పోలేదంట."

కృప మాడిన రొట్టె తీసి పక్కన పెట్టింది. కోళ్లు వాకిట్లో గింజలు ఏరుకుంటున్నాయి.

"నూరుమందిని బతికించినాడనేది అబద్ధమా అవ్వా?"

"నిజమే. అది కూడా నిజమే. ఆ గంజితోనే మనం ఉండాము. నువ్వు, నేను, ఈ ఇల్లు. ముసలితనంలో ఆయన ముందర ఎవరన్నా ఏదన్నా ఎంచితే చెవులు మూసుకునేవాడంట. రొట్టెలు గానీ, గొర్రెలు గానీ. నువ్వు మేటు పనిలో చేరినప్పుడు వద్దని చెప్దామనుకున్యా. ఏమని చెప్పేది? పది పాసైనావు, నాలుగు దుడ్లు వస్తాయి. అందుకే నోరు మూసుకున్యా."

పూడ్చే రోజు రానే వచ్చింది. దానికీ ఒక గొడవ అయింది. కోవెలకు పెద్దమనిషిగా ఉండే ఆదెప్ప, అకాలచావు చచ్చినవాళ్లు కాబట్టి శాంతి చేయాలన్నాడు. పాస్టరు, వాళ్లెవరైనా దేవుని బిడ్డలే కాబట్టి ప్రార్థన చేస్తానన్నాడు. ఏ శ్మశానంలో పెట్టాలన్న దగ్గర మాట తెగలేదు. ఊళ్లో మూడు శ్మశానాలున్నాయి, ఏ కులానిది ఆ కులానికి. ఏ కులపోళ్లో ఏమో అని ఎవరో గొణిగారు.

తిమ్మక్క టార్పాలిన్ ఎత్తి ఒక పొడుగాటి ఎముక చేతిలోకి తీసుకుంది.

"దీని మీద కులం యాడ రాసుండాదో చూపించండప్పా, ఆడికే మోసుకపోదాం."

చివరికి ఉన్న చోటే, కందకానికి రెండు మూరలు ఎగువన పెద్ద గుంత తీసి, కొత్త తెల్లగుడ్డలో చుట్టి పెట్టారు. ఆదెప్ప టెంకాయ కొట్టాడు. పాస్టరు ప్రార్థన చేశాడు. మార్కండేయ ఒక పక్కన నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. మగవాళ్లు మన్ను తోశారు. ఆడవాళ్లు రాళ్లు ఏరుకొచ్చి పైన పేర్చారు. అందులో ఎల్లమ్మ ఉందో లేదో ఎవరికి తెలుసు? కృప ఒక్క చిన్న గుడ్డమూట మాత్రం తన చేతులతో దించింది. బరువే లేదు.

గుట్ట అవతలి వైపు పని మొదలైంది. అక్కడి నేల మరీ అన్యాయం. పైన జానెడు మన్ను, దాని కింద ఇనుములాంటి మొరం. గడ్డపార వేస్తే నిప్పులు రాలుతున్నాయి. మొదటి వారం కొలత సగం కూడా తేలలేదు. కూలి సగమే పడింది. శశికుమార్ వచ్చి కృపతో మెల్లగా చెప్పాడు.

"గుంపులో ముసలోళ్లు ముగ్గురుండారు గదక్కా. కుళ్లాయప్ప మామ గంటకు పది దెబ్బలు కూడా వేయడు. వాళ్లను వచ్చే వారం నుంచి పిలవాకు. మిగతావాళ్లకైనా కూలి పడుతుంది. నేను చెప్పినానని చెప్పద్దు."

ఇదివరకైతే ఆమె ఏం చేసి ఉండేదో ఆమెకే తెలుసు. పోయినేడు ఇలాగే ఇద్దరిని పిలవడం మానేసింది. వాళ్లేం అనలేదు. రెండు రోజులు వచ్చి, గట్టు మీద కూర్చుని, మూడో రోజు రాలేదు. అప్పుడు ఆమెకు నిద్ర చెడలేదు.

ఆ రోజు పని ముగిశాక, ముసలివాళ్లు ముగ్గురూ ముందుగా ఇళ్లకు పోయాక, ఆమె మిగతావాళ్లను కూర్చోమంది. శశి అన్న మాట వాళ్లకు చెప్పింది. వాళ్ల ముఖాలు చూస్తే అర్థమైంది, చాలామందికి అది సబబుగానే ఉంది. తిమ్మక్క కూడా దాచుకోలేదు.

"కుళ్లాయప్ప మంచోడే. కానీ నా ఇంట్లో ఐదు మంది తినేటోళ్లుండారు కృపా. ఆయన కొలత నేనెన్ని దినాలు మోయల్ల?"

అప్పుడు కృప ఎల్లమ్మ కథ చెప్పింది. మేస్త్రీ ఇంటి కథ, ఆ ఇంటివాళ్లు నూటా యాభై ఏళ్లు దాచుకున్న కథ. మధ్యలో ఆగితే మళ్లీ చెప్పలేనేమోనని ఆగకుండా చెప్పేసింది. నాయన బతికి ఉంటే ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు.

తిమ్మక్క గొంతు సవరించుకుంది.

"మీ తాత చేసిన పాపం తెచ్చి మా నెత్తిన రుద్దుతాండావు."

"లేదక్కా. నాకొక్కదానికే చేతకాక మీకు చెప్తాండా."

"సరే, వాళ్లను తీసేయొద్దు. మరి కూలి?"

అక్కడి నుంచి మాట దారిలో పడింది. నేల గట్టిదైతే తక్కువ తవ్వినా నిండు కూలి ఇవ్వాలని రూలుంది. ఆ సంగతి కృపకు తెలుసు గానీ ఎన్నడూ అడగలేదు. మూడు రోజుల తర్వాత కొలతలు చూసే టెక్నికల్ అసిస్టెంట్ గుట్టకు వచ్చినప్పుడు అందరూ చుట్టూ నిలబడ్డారు. కుర్రవాడు. నేల మామూలు మన్నేనని రాసుకోబోతుంటే తిమ్మక్క గడ్డపార తెచ్చి అతని చేతికిచ్చింది.

"ఒక్క అడుగు నువ్వు తీయ్ సారూ. నువ్వు ఎంత రాస్తే అంతే తీసుకుంటాం."

అతను నవ్వి, సిగ్గుపడి, చొక్కా చేతులు మడిచాడు. పదకొండు దెబ్బలు వేశాడు. అరచేతులు చూసుకున్నాడు. తర్వాత ఏమీ మాట్లాడకుండా పుస్తకంలో గట్టి మొరం అని రాశాడు. నిండు కూలి రాలేదు గానీ, పడిపోయినదాంట్లో ముప్పాతిక దాకా తిరిగి వచ్చింది. ఆ వారం గుంపంతా పండగలా ఉంది.

అయితే తర్వాతి సోమవారం కుళ్లాయప్ప పనికి రాలేదు. మంగళవారం కూడా రాలేదు. ఒంట్లో బాగలేదేమోనని సాయంత్రం కృప వాళ్లింటికి వెళ్లింది. ఆయన వసారాలో కూర్చుని నారతో తాడు పేనుతున్నాడు. ఒంట్లో బాగానే ఉంది. ఆమెను చూసి తలూపాడు. తాడు ఆపలేదు.

"ఏం మామా, పనికి రావడం లేదేంటికి?"

"నా గురించి అందరూ కూర్చొని మాట్లాడుకున్నారంట."

"నిన్ను తీసేయకూడదనే గదా మామా మాట్లాడింది."

"అదే చెప్తాండా. ఉంచేదా తీసేదా అని నేను లేనప్పుడు మాట్లాడుకున్నారు. మేం ముగ్గురూ ఇంటికి పోయిందాక ఉండి మాట్లాడుకున్నారు."

"నీ ముందర మాట్లాడితే నొచ్చుకుంటావని..."

కుళ్లాయప్ప పురి తిప్పడం ఆపి ఆమె వైపు చూశాడు. ఆయన కళ్లల్లో కోపం లేదు. అందుకే ఆమెకు ఎక్కువ భయమేసింది.

"మీ తాత ఆయమ్మను పో అన్నాడు. నువ్వు నన్ను ఉండు అన్నావు. నీ మనసు మంచిదే పాపా, నేను కాదనను. కానీ పో అనేదీ, ఉండు అనేదీ రెండూ మేస్త్రీ నోట్లో మాటలే గదా. రేపు నువ్వు పోయి ఇంకొకరు వస్తే? వాళ్ల మనసు మంచిది కాకుంటే?"

ఆయన చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. తాగింది. ఎదురింటి మీద ఎండ మెల్లగా జారిపోయింది.

"ఏం చేయల్ల మామా?" అని అడిగింది చివరికి.

"నాకేం తెలుసు? నేనేమన్నా చదువుకున్నోన్నా? ఆ టేపు వారానికొకరు పట్టుకోండి. నువ్వూ గడ్డపార పట్టు. అందరూ కొలిచి, అందరూ కొలిపించుకుంటే తెలుస్తుంది. ఎవరు కొంచెం నిలబడల్లో, ఎవరు కొంచెం ముందుకు పోవల్లో, ఆడనే తెలుస్తుంది."

ఆ మాట గుంపులో చెబితే మొదట నవ్వారు. శశికుమార్ ఒప్పుకోలేదు. ఫోన్‌లో మేటు పేరు కృపదే ఉండాలి, మార్చడానికి లేదన్నాడు. పేరు తనదే ఉంచుకోమని, ఫొటోలు వేళకు వస్తే చాలు కదా అని ఆమె అడిగింది. అతను రెండు రోజులు ఆలోచించి, ఏదైనా తేడా వస్తే నాకు సంబంధం లేదని చేతులు దులుపుకున్నాడు. మొదటి వారం తిమ్మక్క వంతు వచ్చింది. ఆమెకు చదువు రాదు. ముప్పైమంది పేర్లూ నోటికొచ్చు. టేపు మీద అంకెలు మాత్రం కుళ్లాయప్ప చదివి చెప్పేవాడు. పాతకాలం నాలుగో తరగతి ఆయనది.

కృప గడ్డపార పట్టి మూడేళ్లయింది. మొదటి రోజుకే అరచేతులు బొబ్బలెక్కాయి. మూడో రోజుకు బొబ్బలు పగిలాయి. మొరం మీద గడ్డపార వేస్తే దెబ్బ భుజం దాకా వస్తోంది. మధ్యాహ్నానికి తన వాటా తవ్వాననుకుని, వంగిన నడుము ఎత్తి నిలబడింది. తిమ్మక్క టేపు దించి, కుళ్లాయప్ప వైపు చూసి, పెదవి విరిచింది.

"ఇంకా జానెడు తగ్గుతాండాది కృపా."

ఆమెకు కోపం వచ్చింది. ఎంత కోపం వచ్చిందంటే, గడ్డపార అక్కడే విసిరేసి, నీ టేపు తీసుకుపోయి వంకలో వెయ్ అని అరవాలనిపించింది. తిమ్మక్క మీద కాదు. కొలిచే చేతి మీద. ఇన్నేళ్లూ తనను చూసి వీళ్లు ఇదే మింగుకున్నారా అనుకుంది. ఒక్కరూ నోరు విప్పి అనలేదే. లేక అన్నారేమో, తనకే వినపడలేదేమో.

"నేను చెమట తుడుచుకుంటాండా, తవ్వుతాలే" అంది.

"తుడుచుకో, తుడుచుకో. దొర వచ్చేది లేదులే" అంది తిమ్మక్క, టేపు చుట్టుకుంటూ.

పక్క కందకంలో ఎవరో పక్కున నవ్వారు. కృపకు కూడా నవ్వు ఆగలేదు. గడ్డపార ఎత్తి, మిగిలిన జానెడు తవ్వడం మొదలుపెట్టింది.